ఎవరి పేరూ పెట్టని మొర

గజేంద్రమోక్షం చదివేటప్పుడు మా హనుమాన్ గుడి అరుగు మీద చేరేవాళ్లంతా ఒక చోట ఆగకుండా వెళ్లిపోతారు. మొసలి పట్టు బిగియడం, ఏనుగు బలం సన్నగిల్లడం, వైకుంఠంలో ఉన్న స్వామి లక్ష్మికి కూడా చెప్పకుండా ఉన్నపళాన బయల్దేరడం, అందరి మనసూ వీటి మీదే. మధ్యలో పోతన చెప్పిన ఒక చిన్న సంగతిని దాటేస్తారు. ఆ ఏనుగు ఏ దేవుణ్ణీ ప్రత్యేకించి పేరు పెట్టి పిలవలేదు. ఈ జగమంతా ఎవరి నుంచి వచ్చిందో, చివరికి ఎవరిలోకి పోతుందో, వాడే వచ్చి కాపాడాలి అంది. అలాంటివాడు అసలున్నాడా అన్న అనుమానాన్ని కూడా దాచుకోలేదు. ఆ మొర బ్రహ్మకూ వినబడింది, తక్కిన దేవతలకూ వినబడింది. విన్నారు, ఊరకున్నారు. అంతటా నిండి ఉండే గుణం వాళ్లకు లేదు. ఆ గుణం ఉన్న ఒక్కడు కదిలాడు.

నేను టెలిఫోను శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. నా చూపు అక్కడే ఆగుతుంది. విని ఊరకున్న దేవతలు నాకు ఎంతో తెలిసినవాళ్లలా కనిపిస్తారు.

మా పాత ఎక్స్ఛేంజీలో బ్యాటరీ గది ఒకటి ఉండేది. రెండేసి వోల్టుల సెల్లులు 24, వరసగా కలిపితే 48 వోల్టులు. ఆసిడ్ వాసనకు కళ్లు మండేవి, ప్యాంట్లకు చిల్లులు పడేవి. సెల్లు సెల్లుకూ హైడ్రోమీటరు ముంచి రీడింగు పుస్తకంలో రాయాలి, తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోయాలి. ఈ పనికి ఎవరూ దండ వేయరు. కానీ ఊరంతా కరెంటు పోయినా ఇంట్లో ల్యాండ్‌లైను పలికేదంటే కారణం ఆ గదే. మీ ఫోనుకు కరెంటు మీ ఇంటిది కాదు, రాగితీగ గుండా మా గదిలోంచి వచ్చేది. రిసీవరు ఎత్తగానే వినబడే ఆ సన్నటి మోత, ఇవతల ఒక యంత్రం, దాని వెనక ఒక మనిషి మేలుకుని ఉన్నారనడానికి గుర్తు. ఇప్పటి ఫోనులో ఆ మోత లేదు. అది చేతిలో ఉన్నంతసేపూ మన సొంతమే అనిపిస్తుంది. నిజానికి మునుపటికన్నా ఎక్కువమంది మీద ఆధారపడి బతుకుతుంది.

2025 ఆగస్టు 27 వినాయక చవితి. మెదక్‌లో ముందురోజు రాత్రి నుంచే వాన పట్టుకుంది. పత్రి తెచ్చినవాళ్లు తడుస్తూ తెచ్చారు, మండపాల మీద టార్పాలిన్లు నీళ్లు నిండి కిందికి సాగాయి. మొదట అందరూ సంతోషించారు, చెరువులు నిండుతాయని. తర్వాత తెలిసింది అది చెరువులు నింపే వాన కాదని. పక్కన కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్ల పైన కురిసింది. మా జిల్లాలో హవేలీఘనపూర్, రామాయంపేట వైపు చెరువులన్నీ మత్తడి దుంకాయి, కొన్నిచోట్ల కట్టలే తెగాయి. ధూప్‌సింగ్ తండాను నీళ్లు చుట్టుముడితే జనం మిద్దెలెక్కారు. కామారెడ్డి దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 44వ నంబరు జాతీయ రహదారి దెబ్బతిని లారీలు మైళ్ల కొద్దీ నిలిచిపోయాయి. ఆర్మీ వచ్చింది, ఎన్డీఆర్ఎఫ్ వచ్చింది.

మా ఇంట్లో కరెంటు మధ్యాహ్నమే పోయింది. పొద్దు గూకేసరికి ఫోనులో గీతలు ఒక్కొక్కటే తగ్గాయి. మా చెల్లెలు ఉండేది హవేలీఘనపూర్ అవతల ఒక చిన్న ఊళ్లో. చేస్తే ఒకసారి స్విచాఫ్ అంటుంది, ఇంకోసారి కవరేజీలో లేరంటుంది, ఇంకోసారి ఏమీ అనదు. మూడూ వేరువేరు జబ్బులు. వాటి తేడా తెలిసినవాణ్ణి కాబట్టి నాకు భయం ఇంకా ఎక్కువైంది. స్విచాఫ్ అన్నప్పుడు ఆమె చేతిలో చార్జింగ్ లేదేమో. కవరేజీ లేదన్నప్పుడు ఊరి దగ్గరి టవరే పడుకుందేమో. ఏమీ అనకపోతే మధ్యలో దారే తెగినట్టు.

టవరు ఎందుకు పడుకుంటుందో చాలామంది అనుకునేది ఒకటి, అసలు జరిగేది ఇంకొకటి. వానకు టవరు కూలదు. హుద్‌హుద్ తుపాను లాంటి గాలి వస్తే వేరే సంగతి. 2014 అక్టోబరు 12న అది విశాఖను తాకినప్పుడు స్తంభాలూ తీగలూ టవర్లూ ఒకేసారి దెబ్బతిని అంత పెద్ద నగరం మూగబోయింది. మా దగ్గర వరదలో టవరు నిక్షేపంగా నిలబడే ఉంటుంది, పలకదంతే. కరెంటు పోగానే బ్యాటరీ మీదికి వెళ్తుంది. బ్యాటరీ కొన్ని గంటలే. పాతబడిందైతే ఆ కొన్ని గంటలూ అనుమానమే. ఆ తర్వాత జనరేటరు. దానికి డీజిల్ కావాలి, డీజిల్ క్యానుతో మనిషి రావాలి, మనిషి రావడానికి రోడ్డు ఉండాలి. రోడ్డు మీది కల్వర్టు కొట్టుకుపోయి ఉంటుంది. ఇంకో గొడవ కూడా ఉంది. ఈ టవరు విన్న మాటను ముందుకు చేరవేసే ఫైబర్ కేబులు రోడ్డు పక్కన కందకంలో పడుకుని అదే కల్వర్టు దగ్గర వాగు దాటుతుంది. కల్వర్టు పోతే కేబులూ పోతుంది. అంటే డీజిల్ వచ్చే దారీ, మాట వెళ్లే దారీ ఒకటే. ఒక్క వాగు రెండింటినీ మింగుతుంది. దీనికి మందు మాకు ఎప్పటినుంచో తెలుసు. కేబులును గీతలా కాకుండా చుట్టు తిప్పి రెండు వైపుల నుంచి కలపాలి, ఒకవైపు తెగితే మాట ఇంకోవైపు నుంచి తిరిగొస్తుంది. ఖర్చు ఎక్కువ. చిన్న ఊళ్ల దాకా వచ్చేసరికి ఆ చుట్టు తరచూ గీతగానే మిగిలిపోతుంది.

దీనికి తోడు జనం రద్దీ. ఆపద వచ్చిన గంటలో అందరూ అందరికీ ఫోను చేస్తారు. టవరుకు ఒకేసారి ఇన్ని మాటలనే లెక్క ఉంటుంది, అది నిండితే బతికున్న టవరు కూడా చచ్చినదానితో సమానం. అప్పుడు కూడా చిన్న మెసేజీ సందు చూసుకుని దూరిపోతుంది, ఆలస్యంగానైనా. ఇది ఊళ్లలో ఎవరికీ చెప్పినట్టు లేదు.

మా చెల్లెలు వాళ్లు బడి మేడ మీద తలదాచుకున్నారు, క్షేమంగానే. నాకు తెలిసింది మర్నాడు. తర్వాత ఆమె చెప్పిన ఒక మాట నన్ను కదిలించింది. రాత్రి మనవడు ఫోను చూసి, "నానమ్మా, మన సిమ్ముకు సిగ్నల్ లేదు, ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అని వస్తున్నది" అన్నాడట. "సరే తీ బిడ్డా, బందు చేయి, చార్జింగ్ ఒడుస్తది" అని ఆమె ఆపేయించిందట. అది తలుపు మూసిన మాట అనుకున్నారు. అది తలుపు తెరిచిన మాట. తన కంపెనీ టవరు దొరకకపోయినా ఇంకో కంపెనీ టవరు దగ్గర్లో పలుకుతోందని, 112 లాంటి ఆపద నంబరు నొక్కితే ఆ పరాయి టవరు కూడా ఆ పిలుపు ఎత్తుకోవాలని దానర్థం. మొబైల్ ఫోను నియమాలు రాసినవాళ్లు మొదటినుంచీ ఇందుకు చోటు పెట్టారు. ఆపదలో ఉన్నవాడి పిలుపు ఎవరి ఖాతాదారుడిదీ కాదు. విన్నవాడిది.

ఇక్కడికొచ్చేసరికి ఏనుగు మొర నాకు వేరుగా వినిపిస్తుంది. నీట మునిగిన ఊరి మీద కంపెనీల టవర్లు మూడు నాలుగు ఉంటాయి. ఒకటి బతికి ఉంటుంది. మిగతా కంపెనీల ఫోన్లున్న జనం అదే ఆకాశం కింద నిలబడి పిలుస్తుంటారు. ఆ ఫోన్లు వచ్చి తలుపు తడితే బతికున్న టవరు వింటుంది. నీవు నా వాడివి కావు అని తోసేస్తుంది, అలా తోయమని దానికి నేర్పారు గనుక. విని ఊరకోవడం అంటే ఇదే. దీనికి మారుగా ఇప్పుడు ఇంట్రా సర్కిల్ రోమింగ్ అని ఒకటుంది. తుపానో వరదో వచ్చినప్పుడు టెలికాం శాఖ ఆజ్ఞ ఇస్తే ఆ ప్రాంతంలో ఎవరి సిమ్ అయినా ఎవరి టవరుకైనా అతుక్కుంటుంది. ఈమధ్య తుపానులలో వాడారు. మంచి ఏర్పాటు. నా పేచీ ఒక్కటే. ఆజ్ఞ వచ్చేదాకా ఆగడం దేనికి? గజేంద్రుణ్ణి కాపాడ్డానికి పోయినవాడు వైకుంఠంలో ఫైలు కదిలించి పోలేదు.

ఆపద పిలుపుకు ముందు దారి ఇవ్వడం కొత్త ధర్మం కూడా కాదు. తంతి రోజుల్లో మనిషి ప్రాణానికి సంబంధించిన అంతర్జాతీయ తంతి మీద ఎస్‌వీహెచ్ అని గుర్తు వేసేవాళ్లు. ఆ గుర్తున్నది వస్తే వ్యాపారం తంతి, పెళ్లి తంతి, ఎంత పెద్దవాడి తంతి అయినా పక్కకు జరగాలి. మన దేశంలో తంతి 2013 జులైలో ఆగిపోయింది, నియమం మాత్రం బతికే ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ రాజ్యాంగంలో 40వ అధికరణ, భూమ్మీదైనా సముద్రంలోనైనా గాలిలోనైనా అంతరిక్షంలోనైనా ప్రాణరక్షణ సందేశానికే అన్నిటికన్నా ముందు దారి ఇవ్వాలంటుంది. ధర్మశాస్త్రాలు నేను కొద్దో గొప్పో చదివాను. వాటిలో ఇంత సూటిగా, కులం గోత్రం అడక్కుండా రాసిన వాక్యాలు ఎక్కువ కనబడలేదు. ఇది అంటే అరుగు మీద ఇద్దరు ముగ్గురికి కోపం వస్తుంది. రానీ.

అరుగు మీద మా తెలుగు సారు ఉన్నారు, బళ్లో చెప్పి రిటైరయ్యారు. ఆయన నన్ను ఊరికే వదల్లేదు. "మీరు దేవతల మీద నింద వేస్తున్నరు. వాళ్లకు మనసు లేక కాదయ్యా, శక్తి లేక. అంతటా నిండి ఉండే గుణం వాళ్లకు లేదని పోతనే చెప్పిండు గద. చేయలేనివాణ్ణి పట్టుకుని చేయలేదంటే ఎట్ల?" అన్నారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన చెప్పింది నిజమే. డీజిల్ క్యాను పట్టుకుని తెగిన రోడ్డు ఒడ్డున నిలబడ్డ కుర్రాణ్ణి పాపాత్ముడనే నోరు నాకు లేదు. ఆ రాత్రి వాడు చేయగలిగింది ఏమీ లేదు.

అయితే శక్తి లేకపోవడం దేవతల విషయంలో స్వభావం కావచ్చు, మన విషయంలో అది బడ్జెట్టు. బ్యాటరీ ఎప్పుడు మార్చాలి, జనరేటరును ఎంత ఎత్తున దిమ్మె కట్టి పెట్టాలి, వాగు అవతల కొన్ని డ్రమ్ముల డీజిల్ జూన్‌లోనే దింపి ఉంచాలా వద్దా, ఇవన్నీ ఎండాకాలంలో ఒక టేబులు ముందు కూర్చున్న మనిషి నిర్ణయాలు. వరద నాటి చేతకానితనం అక్కడ పుట్టింది. మన శాస్త్రాలు కర్మను చేసిన పని ఫలంగా చూస్తాయి. చేయకుండా వదిలేసిన పనికి కూడా ఫలం ఉంటుందని, దాన్ని వదిలేసినవాడు కాకుండా మిద్దెక్కినవాడు అనుభవిస్తాడని చూశాక, ఆ లెక్క నాకు పూర్తిగా సరిపోలడం లేదు. సారు దీనికి తల ఊపారు గాని ఒప్పుకున్నట్టు కాదు.

ఖర్మ అనే మాట ఆ వారమంతా చెవుల్లో మోగింది. "ఏంజేస్తం, మన ఖర్మ గట్లున్నది" అని పక్కింటి పటేలు, "దేవుని ఆట" అని పాలాయన. బాధలో ఉన్నవాడు ఆ మాటతో ఊరట పొందితే నాకు అభ్యంతరం లేదు. దాన్ని కారణంగా చెబితే మాత్రం ఒక లెక్క ముందు పెడతాను. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. సుమారు పదివేల మంది పోయారు. తీగలన్నీ తెగి, ఏం జరిగిందో బయటి లోకానికి తెలియడమే ఆలస్యమైంది, సాయం ఇంకా ఆలస్యమైంది. 1990 మే 9న అదే కోస్తా మీదికి, దానికి ఏమాత్రం తీసిపోని తుపాను వచ్చింది. పోయినవాళ్లు వెయ్యికి లోపు. అదీ తక్కువ కాదు, ఒక్కరైనా తక్కువ కాదు. కానీ ఈ పదమూడేళ్లలో తీరం జనాల పూర్వజన్మ పాపాలు పదోవంతుకు తగ్గాయా? తగ్గింది మాట చేరే ఆలస్యం. ఈ మధ్యలో ఇన్‌శాట్ ఉపగ్రహం నుంచి తీరంలోని కేంద్రాలకు తుపాను హెచ్చరిక నేరుగా చేరే ఏర్పాటు వచ్చింది. తుపాను షెల్టర్లు కట్టారు. లక్షల మందిని ముందుగానే కదిలించారు. ఖర్మ అని చెప్పేవాళ్లు ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ ఆ మాట అనగలరేమో చూడాలి.

దేవుడి వైపు నుంచి నాకు దొరికిన సాక్ష్యం ఏడుపాయలలో ఉంది. మంజీర నిండుగా వచ్చినప్పుడల్లా, సింగూరు గేట్లెత్తి ఘనపూర్ ఆనకట్ట పొంగినప్పుడల్లా, వనదుర్గమ్మ గుడి నీట మునుగుతుంది. 2025లోనూ మునిగింది. మూలవిరాట్టు నీళ్లలో ఉంటుంది. పూజ ఆగదు. ఉత్సవమూర్తిని రాజగోపురం దగ్గరికి తెచ్చి అక్కడ హారతి ఇస్తారు. దీన్ని ఎవరూ అపచారం అనరు. మూలం మునుగుతుందని ముందే తెలిసినవాళ్లు మోసుకుపోగలిగిన మరో రూపాన్ని సిద్ధంగా ఉంచుకున్నారు, దాన్ని ఏ ఎత్తున పెట్టాలో కూడా ఎరుగుదురు. మా శాఖలో దీన్నే స్టాండ్‌బై అంటాం. అమ్మవారికి స్టాండ్‌బై ఉంచడం భక్తి అయితే, తండా టవరుకు స్టాండ్‌బై ఉంచడం దండగ ఖర్చు ఎలా అవుతుందో నాకు ఎవరైనా చెప్పాలి. నేను నాస్తికుణ్ణి కాను. రోజూ సంధ్య వారుస్తాను. అందుకే అడుగుతున్నాను.

మా మెదక్ చర్చి సంగతి అందరికీ తెలిసిందే. 1914లో మొదలుపెట్టి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభించారు, గోపురం 175 అడుగులు. కరువుకాలంలో జనానికి పనీ తిండీ దొరకాలని పాస్నెట్ దొర దాన్ని కట్టించాడంటారు. అక్కడికి వచ్చిపోయే ఒక పాస్టరుగారితో నాకు పాత స్నేహం. ఆయనకు నా ఏనుగు కథ చెబితే, వాళ్ల గ్రంథంలోని మంచి సమరయుడి కథ చెప్పారు. దెబ్బలు తిని దారిపక్కన పడి ఉన్నవాణ్ణి వాడి మతపు యాజకుడు చూసి పక్కకు తప్పుకున్నాడు, ఇంకో పెద్దమనిషీ తప్పుకున్నాడు, పడనివాళ్ల జాతివాడు ఆగి గాయాలు కట్టాడు. "మీ మాటల్లో చెప్పాలంటే వేరే నెట్‌వర్కు వాడే ఎత్తాడండీ" అని నవ్వారు. నవ్వినా నాకు అందులో ఒక తేడా కనిపించింది. సమరయుడు ఒక్కణ్ణి చూశాడు, ఆగాడు. వరదలో పడి ఉన్నవాడు కనిపించడు. కనిపించని వాడికోసం ఆగడానికి మంచి మనసు ఒక్కటే చాలదు, ముందు వాడి గొంతు చేరాలి.

పేరు పెట్టని పిలుపుకోసమే చెవి తెరిచి కూర్చునేవాళ్లు నిజంగా ఉన్నారు. హ్యామ్ రేడియో వాళ్లు. వాళ్లు మొదట పంపేది సీక్యూ అనే రెండక్షరాలు. వింటున్నవాళ్లు ఎవరైనా సరే పలకండి అని దాని తాత్పర్యం. ఫలానా వాడని ఉండదు. ఎక్కడో ఒకరు పలుకుతారు. మన హైదరాబాదులోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, 1983 నుంచి. అక్కడి తరఫున భారతీ ప్రసాద్ గారు బృందంతో 2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. అండమాన్ నుంచి హ్యామ్ రేడియోకు అప్పటికి ఎన్నో ఏళ్లుగా అనుమతి లేదు, కాబట్టి ఆ ద్వీపాలతో ఒక్కసారి మాట్లాడామనిపించుకోవాలని ప్రపంచమంతా ఎగబడింది. అది సరదా, ఒక ఆట. డిసెంబరు 26 పొద్దున భూమి కంపించింది, వెనకే సునామీ. ద్వీపాల ఫోన్లు పోయాయి. ఆమె తన రేడియోను మళ్లీ నిలబెట్టి ద్వీపాలకూ ప్రధాన భూభాగానికీ మధ్య మాటలు చేరవేశారు. ఫలానా వాళ్లు బతికే ఉన్నారు, ఫలానా వాళ్ల జాడ కనుక్కోండి, ఇవీ ఆ మాటలు. అక్కడ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఇక్కడ రాత్రుళ్లు నిద్రలేకుండా ఉన్న ఇళ్లకు ఆ రెండు ముక్కలు ఏ హోమం కన్నా తక్కువ కాదు.

ఆమెకు ఖాతాదారులు లేరు, బిల్లు లేదు. భక్తి అన్నదానికి నాకు తెలిసిన లక్షణాలన్నీ అక్కడ కనిపిస్తాయి. పరికరం మీద రోజూ సాధన చేయడం, బదులు ఆశించకపోవడం, పిలుపు వచ్చినప్పుడు అక్కడ ఉండడం. ఆట ఆడుతూ నేర్చినదే ఆపదలో అక్కరకొచ్చింది. మన బళ్లలో పిల్లలకు ఈ రేడియో నేర్పితే బాగుంటుందని నేను చాలామందికి చెప్పాను. ఇప్పుడు ఎవరికండీ రేడియో అన్నారు.

దారి తెరిచి ఉంచడం పుణ్యమే గాని, ఆ దారిన అబద్ధమూ వస్తుంది. పోచారం ప్రాజెక్టు తెగిందట అన్న మాట ఆ రాత్రి మా వీధిలో ఇంటింటికీ పాకింది. 1922లో పూర్తయిన కట్టడం, మోయాల్సినదానికి మించి నీళ్లు మోసింది, పక్కన మట్టి కోసుకుపోయింది, భయపడవలసిన స్థితే. కానీ తెగలేదు. సిగ్నల్ రెండు గీతలున్న ఆ కాస్తసేపట్లో జనం పంపుకున్నది ఎక్కువగా ఇదే. ఎవరూ అబద్ధం ఆడాలని ఆడలేదు. వచ్చింది పంపారు. ధర్మరాజు అశ్వత్థామ సంగతి చెప్పినప్పుడు కూడా మాటలన్నీ నిజమే, ముఖ్యమైన ముక్క చెవికి చేరకుండా మాత్రం చూసుకున్నాడు. ఆయన రథం నేలకు దిగింది. ఫార్వర్డు చేసేవాడు తను మాట్లాడలేదనుకుంటాడు. ఆపద వేళ ఇరుకైన దారిలో ఒక పుకారు దూరితే వెనక ఒక నిజమైన మొర ఆగిపోతుంది. దీన్ని నేను పాపం కిందే వేస్తాను, దయ లేకుండా.

వాన తగ్గాక పని అసలు మొదలవుతుంది. వార్తల్లో అది రాదు. ఎల్లారెడ్డి వైపు పోయే దారిలో ఒక చోట ఇద్దరు కుర్రాళ్లు బురదలో గొడుగు కింద కూర్చుని ఫైబర్ అతుకుతుంటే పాత అలవాటుకొద్దీ ఆగి చూశాను. కేబులు చీరితే లోపల పోగులు, నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, ఇలా ఒక వరస ఉంటుంది. వెంట్రుకంత గాజుపోగు. దుమ్ము గింజ పడితే అతుకు చెడుతుంది, స్పిరిటుతో తుడవాలి, కోయాలి, యంత్రంలో ఎదురెదురు పెట్టి కరిగించి కలపాలి. ఒక్కో పోగుకూ అదే తంతు. చుట్టూ కొట్టుకొచ్చిన గడ్డి, చచ్చిన గొర్రె వాసన. వాళ్లు కాంట్రాక్టు వాళ్లు. బీమా ఉందా అని అడిగితే నవ్వారు. ఏ కంపెనీది బాబూ ఈ కేబులు అంటే, "రెండు మూడు ఉన్నయి సార్, ఏది దొరికితే అది అతుకుతున్నం" అన్నాడు ఒకడు. భగవద్గీత చదివాడో లేదో నేను అడగలేదు.

ఇంతా చెప్పాక అరుగు మీద ఎప్పుడూ మిగిలే ప్రశ్న ఒకటుంది. దేవుడు వింటాడు కదా, అన్నీ వినేవాడికి నీ బ్యాటరీలు దేనికి? సమీ అని, అంటే వినేవాడని, మా ముస్లిం మిత్రుడు కూడా అల్లాను తలుస్తాడు. ఆయనా ఇదే అడిగాడు. నా నమ్మకం ఇది. వినడానికి ఆయనకు నా తీగ అక్కర్లేదు. ఆ రాత్రి బడి మేడ మీద మా చెల్లెలు తలుచుకున్నది ఆయనకు చేరే ఉంటుంది. బదులు మాత్రం పడవ రూపంలో రావాలి, పడవవాడికి ఏ మేడో తెలియాలి. ఏనుగు దగ్గరికి స్వామే స్వయంగా వచ్చాడు, ఎవరినీ పంపలేదు. మనకు అలా వచ్చినట్టు నేను చూడలేదు. ఎవరో ఒకరి ద్వారానే వస్తుంది. ఆ ఎవరో ఒకరు మూగబోతే, విన్నవాడు ఉన్నా ఏం లాభమన్న చోట నా వేదాంతం ఆగిపోతుంది. సారు అంతకన్నా ముందుకు వెళ్లగలరు, నేను వెళ్లలేను.

ప్రభుత్వం వైపు నుంచి ఒకటి బాగా జరుగుతోంది. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారి కూతపెట్టి పరీక్ష సందేశం చూపించాయి, గుర్తుందా? సీ-డాట్ సంస్థ చేసిన సెల్ బ్రాడ్‌కాస్ట్ ఏర్పాటు అది. నంబర్లతో పని లేదు, టవరు కింద ఎవరుంటే వాళ్లందరికీ ఒకేసారి వెళ్తుంది, రద్దీతో నిమిత్తం లేదు. పేరు లేని మొరకు పేరు లేని జవాబు. కాకపోతే టవరు మేలుకుని ఉంటేనే.

మనవైపు నుంచి చేయవలసింది చవితి కమిటీల వాళ్లతో చెబుతాను. ఆ వరద రోజున మెదక్‌లో కరెంటు లేకపోయినా దీపం వెలిగిన చోట్లు మండపాలే. జనరేటరు ఉంది, మైకుసెట్టు ఉంది, రాత్రి కాపలాకు కుర్రాళ్లు ఉన్నారు. మా వీధి మండపంలో ఎక్స్‌టెన్షన్ బోర్డులు వేసి వచ్చినవాళ్లందరి ఫోన్లకూ చార్జింగ్ పెట్టారు. వాగు దిక్కు పోవద్దని మసీదు మైకులోంచీ మండపం మైకులోంచీ ఒకటే మాట చెప్పారు. ఎవరూ చెప్పి చేయించింది కాదు. వచ్చే చవితికి దీన్ని ముందే ఏర్పాటుగా పెట్టుకోండి. చందా పుస్తకంలో లడ్డూ, బ్యాండు రాయకముందే ఒక డ్రమ్ము డీజిలూ, నాలుగు బోర్డులూ రాయండి. మండపం స్తంభానికి ఒక అట్ట కట్టి మూడు మాటలు పెద్దక్షరాలతో పెట్టండి: ఆపదకు 112, సొంత సిగ్నల్ లేకున్నా నొక్కి చూడండి, క్షేమమైతే ఫోను కాదు మెసేజీ పెట్టండి. వాన రాకపోతే ఆ డీజిల్ నిమజ్జనం రోజు ట్రాక్టరుకు పోయించుకోండి.